చిన్నమ్మ సినిమాలో ఏడ్చిన ఏడుపు

పోయిన నెలలో జహీరాబాద్‌లో మా సంగమ్మ చిన్నమ్మ చనిపోయింది. నేను చేరేసరికి ఆమెను ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. పెట్టె గుయ్యిమని ఒకటే మోత. దాని పక్కన స్టూలు మీద స్పీకరు, అందులో ఎవరిదో భజన, అయిపోతే మళ్లీ మొదటికి. మా వాళ్లంతా చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు, మధ్యలో ఫోను చూసుకుంటున్నారు. కన్నీళ్లు లేవని అనను. కానీ నోరు తెరిచి, పోయినామెను పేరు పెట్టి పిలిచి, ఆమె చేసిన రొట్టెలూ మోసిన బరువులూ పడ్డ కష్టాలూ ఒక్కొక్కటే ఎత్తుకుంటూ శోకం తీసిన మనిషి ఒక్కరూ లేరు. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరు పోయినా, సంగమ్మ వచ్చిందా అని అడిగిన తర్వాతే పాడె కట్టేవాళ్లు. అలాంటి మనిషి స్పీకరు పాటతో సాగిపోతోంది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. పోనీ నేనే తీద్దామంటే నాకు రాదు. సంగారెడ్డిలో బతుకంతా పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను, పద్యాలు వల్లె వేయించాను, మా తెలుగులో ఏడవడం మాత్రం నేర్చుకోలేదు.

అంతలో నాకు వరుసకు మనవరాలయ్యే పిల్ల ఒకతె వచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మమ్మా, ఈ ముసలామె సినిమాల చేసిందంట గద? నిజమేనా?" అని అడిగింది. నిజమే అన్నాను. సినిమా పేరు చెప్పమని ఫోనులో చాలాసేపు వెతికింది. దొరకలేదు. ఆ సినిమా తీసినవాళ్లే దాన్ని మరిచిపోయి ఉంటారు, ఫోనులో ఎలా దొరుకుతుంది! ఆ పిల్ల నిరాశపడింది. నాకు మాత్రం ప్రాణం నెమ్మదించింది. అది దొరికితే అందులో చిన్నమ్మ ముఖం కనిపిస్తుంది, ఆమె గొంతు వినిపించదు. ఆ బాధ ఒకసారి చూశాను, మళ్లీ చూడలేను.

మా ఊరు ఝరాసంగం పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడు జహీరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కితే ఇద్దరి కబుర్లు పూర్తవకముందే దింపేస్తాడు గానీ, అప్పుడు బండి కట్టుకుని ఎర్రటి దుబ్బ మట్టిలో పోవాల్సిందే. ఎక్కడ కూర్చుని లేచినా బట్టకు ఎరుపు అంటేది, మా ఊరి ఆడపిల్లలెవరికీ తెల్ల లంగా కొనేవాళ్లు కాదు. ఇల్లు ఉమ్మడి ఇల్లు. మా నాయన, చిన్నాయన, అమ్మ తెల్లవారకముందే చేనుకు పోయేవాళ్లు. ఇంట్లో మిగిలేది నాయనమ్మ, చిన్నమ్మ, నేను, చిన్నమ్మ కొడుకు మాణిక్. నాయనమ్మ పొద్దున లేవగానే ముక్కులోకి నశ్యం ఎగపీల్చి తుమ్మేది. ఆ తుమ్ముతోనే ఇల్లంతా లేవాలి, లేవనివాళ్లకు తిట్లు మొదలు. చిన్నమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకు మాణిక్ నిద్రలోంచి నేరుగా పొయ్యి దగ్గరికి నడిచొచ్చేవాడు, కళ్లు కూడా తెరవకుండా. మొదటి రొట్టె వాడిది, దాని మీద ఎల్లిగడ్డ కారం, కుసుమ నూనె. నేను వాడికంటే పెద్దదాన్ని కాబట్టి రెండో రొట్టె దాకా ఆగాలి. దానికి నాకు రోజూ కడుపుమంటే. సాయంత్రం పప్పులో చిన్నమ్మ పోపు పెట్టిందంటే వాసన వీధి మలుపు దాకా పోయేది. వాడు ఎక్కడ ఆడుతున్నా ఆ వాసనకు ఇంటికొచ్చేవాడు. వాణ్ణి పేరు పెట్టి పిలవాల్సిన పనే ఉండేది కాదు.

శోకం సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. అది ఊరికే ఏడవడం కాదు. చనిపోయినవాళ్ల ముందు కూర్చుని, ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుని, రాగం తీస్తూ పోయిన మనిషితో మాట్లాడాలి. ఎందుకు పోయావని నిలదీయాలి, బాకీ ఉన్న ప్రేమంతా అక్కడే చెప్పేసుకోవాలి. చిన్నమ్మ గొంతు సన్నగా ఉండేది కాదు, కొంచెం బొంగురు. కానీ ఆమె ఎత్తుకుందంటే పాడె కట్టే మగవాళ్ల చేతులు కూడా ఆగిపోయేవి. పోయినామె తన చిన్ననాడు పోగొట్టుకున్న కాలి పట్టీ సంగతి కూడా చిన్నమ్మ శోకంలో వచ్చేది. అది ఆమెకు ఎలా తెలిసిందని ఇంటివాళ్లే ఆశ్చర్యపోయేవాళ్లు. ఆమెకు చెప్పుకున్నవాళ్లు ఎక్కువ, అంతే. మనుషులు ఆమె దగ్గర కూర్చుంటే చెప్పుకునేవాళ్లు.

ఒక ఎండాకాలం మా ఊళ్లోకి టీకాలు వేసేవాళ్ల జీపు వచ్చింది. జీపు చప్పుడు వినగానే నాయనమ్మ నన్నూ మాణిక్‌నూ గడ్డివాము వెనక కూర్చోబెట్టి, మీద చొప్ప కట్టలు కప్పింది. సూదితో పొడిస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఆమె భయం. మాకు అదొక ఆట. నవ్వు ఆపుకోలేక ఒకరి నోరు ఒకరం మూసుకున్నాం. జీపు వెళ్లిపోయింది. వానలు పడే ముందు ఇద్దరికీ ఒకేసారి అమ్మవారు పోసింది. మశూచి అని నేను ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు ఆ మాట ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు. తల్లి వచ్చింది అనేవాళ్లు, ఇంటికి చుట్టం వచ్చినంత మర్యాదగా. గుమ్మానికి వేపమండలు కట్టారు. మమ్మల్ని వేపాకు మీద పక్కపక్కనే పడుకోబెట్టారు. ఇంట్లో పోపు ఆగిపోయింది, తల్లి ఉన్న ఇంట్లో మూకుడు పెట్టకూడదు, నూనె చుర్రుమనకూడదు. చల్లటి అన్నం, అందులో పోసుకోను సల్ల, అంతే. మాణిక్ నోరంతా పొక్కింది. అయినా వాడు రోజూ ఒకటే అడిగేవాడు, పోపు పప్పు కావాలని. చిన్నమ్మ లేచి పొయ్యి దాకా పోయేది, నాయనమ్మ వద్దనగానే తిరిగొచ్చేది. నా కళ్ల మీద రెప్పలు అతుక్కుపోయి నాకేమీ కనిపించేది కాదు, చిన్నమ్మ కాలి కడియాలు పొయ్యి దాకా పోవడం, వెనక్కి రావడం వినిపించేది.

ఒక తెల్లవారుజామున వాడు అడగలేదు. కడియాల చప్పుడు వాడి పక్కన ఆగిపోయింది. చిన్నమ్మ ఊపిరి లోపలికి తీసుకున్న శబ్దం విన్నాను. శోకం ఎత్తుకునే ముందు ఆమె తీసుకునే ఊపిరి అది, చిన్నప్పట్నుంచీ విన్నదే. అప్పుడే నాయనమ్మ గొంతు, మెల్లగా, వణుకుతూ: "వద్దే సంగమ్మా. నోరు తెరువకు. తల్లి తీస్కపోయింది, తల్లి బిడ్డనే ఆడు. ఏడిస్తె కోపమొస్తది. ఇంక ఒక పిల్ల ఉన్నది ఇంట్ల. ఆమె మీదికొస్తది." ఆ ఇంకో పిల్లను నేనే. చిన్నమ్మ తీసిన ఊపిరి అలాగే లోపల ఉంచుకుంది. వాణ్ణి కాల్చలేదు, చేను గట్టున ఎర్ర దుబ్బలో పూడ్చారు. మా ఊళ్లో పిట్ట చచ్చినా శోకం వినిపించేది, ఆ రోజు మాత్రం మా ఇంటి నుంచి మాట బయటికి రాలేదు. నాకు నయమైంది. తల్లిని సాగనంపి నీళ్లు పోశారు. మచ్చలు ముఖం నిండా మిగిలాయి, ఇప్పటికీ ఉన్నాయి. నాయనమ్మ మీద నాకు ఈ వయసులోనూ కోపం పోలేదు. ఆమె మమ్మల్ని ప్రేమతోనే దాచింది, ప్రేమతోనే నోరు మూయించింది. ఆ ప్రేమ పేరు చెబితేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత చిన్నమ్మకు పిల్లలు కలగలేదు. మాణిక్ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. చిన్నమ్మ మొదటి రొట్టె నాకు పెట్టడం మొదలుపెట్టింది. నేను తినేదాన్ని, పిల్లను కదా, తినడం తప్ప ఏం తెలుసు. నాకు జలుబు చేసినా ఆమె ముఖం తెల్లబోయేది. ఇతరుల ఇళ్లలో చావులకు మాత్రం పోతూనే ఉండేది, వాళ్ల కోసం ఏడుస్తూనే ఉండేది. శోకానికి పోయిన ఆడవాళ్లంతా నడుమనడుమ తమ ఇంట్లో పోయినవాళ్లను కూడా తలుచుకుని ఏడుస్తారు, అది తప్పు కాదు, అందరూ చేసేదే. చిన్నమ్మ మాత్రం ఎంత ఏడ్చినా తన కొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి పళ్లు కరిచి పట్టేది. పక్కన కూర్చున్న నాకు ఆమె దవడ బిగుసుకోవడం కనిపించేది.

నేను హైస్కూల్లో ఉండగా మా ఊరికి సినిమావాళ్లు వచ్చారు. ఎర్ర నేల బాగుందని వచ్చారట. దొర మీద తిరగబడిన ఒక రైతు కథ. హీరో అప్పుడప్పుడే పైకొస్తున్నవాడు, మాకు కొత్త. కథలో ఆ రైతును దొర మనుషులు చంపేస్తారు, శవం మీద పడి తల్లి ఏడవాలి. తల్లి వేషానికి తెచ్చుకున్న ఆమెకు ఎండదెబ్బ తగిలి దవాఖానలో పడింది. ఏర్పాట్లు చూసే మనిషి ఒకాయన, తెల్ల ప్యాంటు నిండా ఎర్ర దుబ్బతో, ఊళ్లో ఆడవాళ్లను బతిమాలుకుంటూ తిరిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. బతికున్న మనిషిని పండబెట్టి వాని మీద శోకం తీస్తే వానికి మంచిది కాదు, తీసినోళ్లకూ మంచిది కాదు. అందరూ ముఖం తిప్పుకున్నారు. మా వాకిట్లోకి కూడా వచ్చాడు. నాయనమ్మ చీపురు చేతిలోకి తీసుకుంది. లోపల్నుంచి చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను ఏడుస్త," అంది.

ఆ మనిషి పోయాక ఇంట్లో యుద్ధమే. "నీకేమన్న మతి వోయిందానే? బతికున్నోని మీద శోకమా?" అని నాయనమ్మ. చిన్నమ్మ ఎప్పుడూ అత్తకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు గుమ్మంలో కూర్చుని తాపీగా చెప్పింది. "అత్తమ్మా, గది ఉత్తుత్తి సావు. ఉత్తుత్తి పీనుగ. దాని మీద ఏడ్చేది గూడ ఉత్తుత్తి ఏడుపే. గట్లాంటి ఏడుపుకు తల్లికి కోపమెందుకొస్తది? పిల్ల మీదికెందుకొస్తది?" నాయనమ్మ చీపురు మూలన పెట్టింది. నశ్యం డబ్బీ తీసింది గానీ పీల్చలేదు. చిన్నమ్మ మనసులో ఏముందో ఆ క్షణంలోనే ఆమెకు అర్థమైంది. నాకు కొంచెం ఆలస్యంగా, మర్నాడు అర్థమైంది. నాయనమ్మ "నీ ఇష్టం," అంది.

షూటింగు మా చేను అవతలి గట్టు మీదే. హీరోను పాడె మీద పడుకోబెట్టి, ముఖానికి పసుపు రాసి, నుదుట ఎర్ర రంగు కార్చారు. ఊరంతా చుట్టూ నిలబడింది. చిన్నమ్మకు ఏమనాలో చెప్పబోతే, "నాకెరుకనే," అని కూర్చుంది. కెమెరా కిర్రుమంది. నాకు తెలిసిన ఆ ఊపిరి తీసుకుంది, ఏళ్ల కిందట లోపలే ఆగిపోయిన ఊపిరి.

"కొడుకా మాణిగా... ఓ నా కొడుకా... పోపు పప్పు అడిగితివి కొడుకా... పొయ్యి మీద మూకుడు పెట్టకపోతి కొడుకా... నోరు సప్పగున్నదంటివి కొడుకా... ఉప్పు గల్లన్న నాలికకు రాయకపోతి కొడుకా... ఎర్ర దుబ్బల పండబెట్టిన్రు కొడుకా... నీ పేరువెట్టి పిలువనియ్యకపాయిరి కొడుకా..."

ఊరివాళ్లందరికీ అర్థమైంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే కూలబడి అందుకున్నారు, ఎవరూ కూర్చోమని చెప్పలేదు. చొప్ప కట్టల వెనక నా నోటి మీద మాణిక్ పెట్టిన అరచెయ్యి నాకు గుర్తొచ్చింది. నేను ఏడ్చాను. నా మచ్చల ముఖం పట్టుకుని నాయనమ్మ కూడా ఏడ్చింది, చప్పుడు లేకుండా. డైరెక్టరు చాలనకుండా కెమెరాలో రీలు అయిపోయేదాకా తీస్తూనే ఉన్నాడు. చివరికి ఎవరో అరవగానే శవం టక్కున కళ్లు తెరిచి, లేచి కూర్చుని, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. చచ్చినట్టు చేసినవాళ్లను వెంటనే లేపి నవ్వుతుండగా ఒక బొమ్మ తీయడం వాళ్ల ఆనవాయితీ అట, కీడు పోవడానికి. ఆ సంగతి మాకెవరు చెప్పారు? చిన్నమ్మ చేతులు ఇంకా అతని ఛాతీ మీదే ఉన్నాయి. తర్వాత రెండు చేతులతో అతని ముఖమంతా తడిమింది, నుదురు, చెంపలు, గడ్డం కింద. "మచ్చల్లెవ్వు," అంది. ఒక్క మచ్చ లేదు అని ఇంటికొచ్చేదాకా అంటూనే ఉంది.

ఆ రోజు నుంచి చిన్నమ్మ మారింది. నవ్వడం మొదలుపెట్టిందని చెప్పను గానీ, అన్నం సరిగా తినేది, చేనులో పాట కూనిరాగం తీసేది. నాకు ఎవరూ లేనప్పుడు చెప్పింది: "గా మిషిన్ల వడ్డది బిడ్డా, ఇంగ పోదు. జహీరాబాద్‌ల ఇనవడ్తది, కోహీర్‌ల ఇనవడ్తది, పట్నంల ఇనవడ్తది. అంతమంది ముందట మాణిగాని పేరు ఇనవడ్తది." ఆమెకు కావాల్సింది అదొక్కటే. నోరు మూసి పూడ్చిన పిల్లవాణ్ణి లోకమంతా వినేలా ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి. మిషిన్ ఆ పని చేసిపెడుతుందని నమ్మింది. ఊరంతా నమ్మింది, నేనూ నమ్మాను. సినిమాలో మాట వేరుగా, బొమ్మ వేరుగా తీస్తారని, గొంతుకు గొంతు మార్చి అతికిస్తారని మాకెవరికి తెలుసు? డబ్బింగ్ అనే మాట నేను విన్నది కాలేజీకి పోయాక. ఈమధ్య సినిమాల్లో హీరోలు కూడా మా మాటే మాట్లాడుతున్నారు, మా యాసకు రోజులొచ్చాయని అందరూ సంబరపడుతున్నారు. నన్నూ సంబరపడమంటారు. అప్పట్లో మా మాట తెర మీద వినిపించిందంటే అది పనివాడి నోట, జనం నవ్వడానికి. కన్నీళ్లకు పనికొచ్చే మాట కాదు మాది. ఇప్పుడు పనికొస్తోంది గానీ, ఆ మాటతో ఏడవగలిగిన మనుషులు ఫ్రీజర్ పెట్టెల్లో పోతున్నారు. నేను ఎవరి పక్షాన సంబరపడాలి?

సినిమా జహీరాబాద్‌లో వేసిన మొదటి రోజు, మధ్యాహ్నం ఆటకు నటులు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. మా నేల మీద తీసిన సినిమా కదా. షూటింగులో ఉన్న ఊరివాళ్లను కుర్చీల్లో కూర్చోబెడతామన్నారు. చిన్నమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టింది. నాయనమ్మ రానంటూనే అందరికంటే ముందు బండెక్కింది. టాకీసు ముందు కొబ్బరాకుల తోరణాలు, బ్యాండు, జనం. లోపల వేడి, బీడీ పొగ, చెమట. గొలుసులతో వేరు చేసిన ముందు వరుసలో సోఫాలు వేశారు, మేము సరిగ్గా వాటి వెనక. కొంతసేపటికి జనం మీదికి ఎక్కి తొక్కుకుంటుండగా నటులు వచ్చారు. అంత దగ్గరగా చూస్తే హీరో పొట్టివాడు. మెడ దాకా పౌడరు, అక్కడ ఆగిపోయి అసలు రంగు మొదలయ్యేది. హీరోయిన్‌కు జ్వరమో ఏమో, కూర్చున్నంత సేపూ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంది, జనం వైపు తిరిగినప్పుడు మాత్రం రుమాలు తీసి నవ్వేది. వాళ్ల నుంచి వచ్చే అత్తరు వాసనకు మా నాయనమ్మ మూడుసార్లు తుమ్మింది.

చిన్నమ్మ సోఫా మీదుగా వంగి హీరో భుజం తట్టింది. "మంచిగున్నవా కొడుకా?" అని అడిగింది. ఆ గొంతులో ఉన్నది అతనికి తెలియదు. వెనక్కి తిరిగి చేతులు జోడించి, "బాగున్నానమ్మా, మీ అందరి ఆశీర్వాదం," అన్నాడు. ఆమె ముఖం గుర్తుపట్టలేదు, పట్టాల్సిన అవసరం అతనికి ఏముంది! ఆమె మాత్రం అతని చెంప మీద చెయ్యి వేసి చూసింది. "సల్లగుండు," అని వెనక్కి కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది. సినిమా మొదలైనా ఆ పట్టు వదల్లేదు. కథలో ఏం జరుగుతోందో ఆమె చూడలేదు. పాట వస్తే, "అయిపాయెనా? ఇంక నాది రాలేదా?" అని అడిగేది.

విశ్రాంతికి ముందు వచ్చింది. హీరోను చంపేశారు, పాడె మీద పెట్టారు. తెర నిండా చిన్నమ్మ ముఖం. మా ఊరివాళ్లు ఈలలు వేశారు. తెర మీద ఆమె ఊపిరి తీసుకుంది. నా చేతిని పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. తెర మీద నోరు తెరుచుకుంది, అందులోంచి ఎవరో చదువుకున్న ఆడమనిషి గొంతు, తేనెలో ముంచి తీసినట్టు, వెనక వయొలిన్లతో వచ్చింది. "అయ్యో రాజయ్యా! నన్ను విడిచి వెళ్ళిపోయావా నాయనా! ఈ అమ్మను ఒంటరిని చేశావా!" అంటోంది. పెదవులు మాత్రం మాణిగా మాణిగా అంటున్నాయి. నాకు కనిపిస్తూనే ఉంది, మా ఊరివాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. చిన్నమ్మ నా వైపు తిరిగింది. "గా గొంతు నాది గాదు బిడ్డా," అంది. "మాణిగాని పేరేది? ఆని పేరేడ వెట్టిన్రు?" అని అడిగింది. నాయనమ్మ ఆమె మోకాలు పట్టుకుని కూర్చోబెట్టబోయింది. అప్పటికే ఆమె లేచి నిలబడింది.

వయొలిన్ల మీదికి ఎక్కి వినిపించింది ఆమె గొంతు. ఉత్తుత్తి పీనుగ లేదు, కెమెరా లేదు, తల్లికి చెప్పుకోవడానికి ఏ సాకూ లేదు. "కొడుకా మాణిగా..." అని అసలు ఏడుపు ఎత్తుకుంది. నాయనమ్మ ఒక్క ఉదుటున తన కొంగు లాగి నా తల మీద, ముఖం మీద కప్పి, నన్ను ఒళ్లోకి అదుముకుంది. అమ్మవారు ఊళ్లలో కనిపించక ఎన్నాళ్లో అయింది, నేను పెళ్లీడు పిల్లనైనాను, అయినా ఆమె భయం పోలేదు. మిగిలిందంతా నేను ఆ కొంగు కింద నుంచి, నశ్యం వాసనలో విన్నాను. తెర మీద బొమ్మ ఆగిపోయింది, విశ్రాంతి అన్నారు. లైట్లు వేశారు. చిన్నమ్మ ఆగలేదు. అన్నీ చెప్పింది. గడ్డివాము సంగతి, టీకా జీపు సంగతి, తడి బట్టలో చుట్టి వాణ్ణి మోసుకుపోయిన సంగతి, కళ్లు తెరవకుండా పొయ్యి దగ్గరికి నడిచొచ్చే నడక సంగతి. "ఒక్క పిల్లను బతికించనీకె నీకు ఏడుపు లేకుంట జేస్తి కొడుకా," అంది. ఆ మాటకు నాయనమ్మ కడుపు నా చెవి కింద ఎగిరెగిరి పడింది. నేను ఆ కొంగు కిందే ఉండిపోతే బాగుండుననుకున్నాను.

శోకం అయిపోయింది. తర్వాత చప్పట్లు. ముందు సోఫాల వైపు నుంచే మొదలయ్యాయి. సినిమావాళ్లు ఏర్పాటు చేసిన వేడుకే అనుకున్నారు జనం, తెర మీద ఏడ్చినామెను తెచ్చి ఎదుట ఏడిపించారని. ఈలలు, కేకలు. పైసలు విసిరారు, నా మీద కప్పిన కొంగు మీద కూడా ఒకటి పడింది. నేల తరగతి నుంచి ఒకడు అరిచాడు, ఆ వెంటనే హాలంతా అందుకుంది: "వన్స్ మోర్! వన్స్ మోర్!" నేను కొంగు తోసేసి లేచాను. హీరో మా వైపు తిరిగి నిలబడి, తల ఊపుతూ, ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. అతని కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. చిన్నమ్మ గొంతు పూర్తిగా పోయింది. ముఖం తుడుచుకోకుండానే నన్ను అడిగింది.

"ఏమంటున్రు బిడ్డా వాళ్లు?"

అబద్ధం చెప్పడానికి నాకు ఏదీ తోచలేదు. "మల్ల ఒక్కసారి ఏడువమంటున్రు చిన్నమ్మా," అన్నాను.

ఆమె హాలు వైపు చూసింది, పై వరుసల దాకా చూసింది. కోపం లేదు ముఖంలో. అర్థం కానివాళ్లకు నెమ్మదిగా చెప్పాల్సిన మాట ఏదో ఉన్నట్టు, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నాకు ఒక్కడే ఉండె అని చెప్పు."